గాజు తొట్టికి అలుగు

1846 శరత్కాలంలో ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని టార్కీ నుంచి అన్నా థిన్ అనే ఆవిడ కొన్ని పగడపు జీవులను ప్రాణాలతో లండన్ తీసుకువెళ్లింది. దారిలో అవి దొర్లి దెబ్బతినకుండా సూదీ దారంతో స్పాంజికి కుట్టి, సముద్రపు నీళ్లు పోసిన జాడీలో పెట్టింది. ఇల్లు చేరాక అసలు తిప్పలు మొదలయ్యాయి. లండన్‌లో సముద్రం లేదు. తెచ్చుకున్న నీళ్లు నాలుగు రోజులకే పాడవుతాయి. అందుకని పనిపిల్లను తెరిచిన కిటికీ ముందు నిలబెట్టి, రోజూ అరగంటో ముప్పావుగంటో ఆ నీళ్లను ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి ధారగా పోయించింది. ధారతో పాటు గాలి నీళ్లలో కలిసేది. జీవులు బతికాయి. పేరు థిన్ గారికి దక్కింది, చేతుల నొప్పి పనిపిల్లకు.

ఆ తర్వాత జరిగిందంతా ఆ పనిపిల్ల చేతులకు బదులు ఏం పెట్టాలా అన్న వెతుకులాటే. 1850లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త గోల్డ్‌ఫిష్‌ను, నీటిమొక్కను, నత్తలను ఒకే తొట్టిలో పెట్టి చూశాడు. ఒకదాని వ్యర్థం ఇంకొకదానికి ఆహారమై తొట్టి తనంతట తాను నిలదొక్కుకుంటుందని లండన్ కెమికల్ సొసైటీకి రాశాడు. 1853లో లండన్ జంతు ప్రదర్శనశాలలో ఫిష్ హౌస్ తెరిచారు. మరుసటి ఏడు ఫిలిప్ హెన్రీ గాస్ ‘ది అక్వేరియం’ పుస్తకం రావడంతో మధ్యతరగతి ముందుగదుల్లోకి గాజు తొట్లు దిగిపోయాయి. చాలామందికి చేపలు బతకలేదు, మోజూ ఎక్కువ కాలం నిలవలేదు.

నిలిచిన నీళ్లతో పని జరగదని గట్టిగా పట్టుకున్నవాడు విలియం ఆల్ఫర్డ్ లాయిడ్. లండన్‌లో అక్వేరియం సామాన్ల దుకాణం నడిపి, హాంబర్గ్‌లో పెద్ద అక్వేరియం పనులు చూసి వచ్చినవాడు. 1871లో క్రిస్టల్ ప్యాలెస్ అక్వేరియానికి ఆయన వేసిన పథకం ఈనాటికీ చెక్కుచెదరలేదు. చూపరుల ముందు తొట్లలో ఉన్న నీళ్లకు కొన్ని రెట్లు నీళ్లను నేల కింద చీకటి తొట్టిలో దాచాడు. ఆవిరి యంత్రాల పంపులు రాత్రింబవళ్లు ఆ నీళ్లను పైకి తోడేవి. పై తొట్లు పొర్లి నీళ్లు మళ్లీ కిందికే చేరేవి. చీకట్లో నాచు పట్టదు, ఎక్కువ నీళ్లు ఉండటం వల్ల వేడి, మురికి త్వరగా పెరగవు. ఇవాళ అక్వేరియం పెంచేవాళ్లు స్టాండు కింద అరలో పెట్టుకునే ‘సంప్’ లాయిడ్ చీకటి తొట్టికి మనవరాలే.

మద్రాసు మెరీనా ఒడ్డున 1909లో తెరిచిన అక్వేరియం మన దేశంలో ఆ తరహాలో మొదటిది. అప్పటి మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గార్ థర్‌స్టన్ ఆలోచన అది. తెలుగు జిల్లాల నుంచి మద్రాసు చూడబోయినవాళ్ల జాబితాలో అదీ ఉండేది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మూతపడింది.

ఇలాంటి పెద్ద కట్టడాలకు ఒక సౌలభ్యం ఉంది. రాయితో, సిమెంటుతో కట్టేటప్పుడే నీళ్లు పొర్లే కంతను వదిలేయొచ్చు. ఇంటి సంగతి అలా కాదు. షాపులోంచి తెచ్చుకున్న గాజు తొట్టి నాలుగు వైపులా మూసి ఉంటుంది. నీళ్లను పైకి ఎక్కించడం ఎంతసేపు, చిన్న మోటారు చాలు. దించడమే చిక్కు. చెరువుకు తూము ఉన్నా అలుగు లేకపోతే మొదటి పెద్ద వానకే కట్ట తెగుతుంది. గాజు తొట్టి పరిస్థితీ అంతే, కాకపోతే వాన రోజంతా కురుస్తూనే ఉంటుంది.

1986 దాకా ఈ చిక్కు కొద్దిమందిదే. ఆ ఏడు జార్జ్ స్మిట్ అనే ఆయన అమెరికాలో ‘ఫ్రెష్‌వాటర్ అండ్ మెరైన్ అక్వేరియం’ పత్రికలో వరుసగా వ్యాసాలు రాసి, ఇంటి గదిలో పగడపు దిబ్బను పెంచే డచ్ పద్ధతిని పరిచయం చేశాడు. ఆ పద్ధతిలో తొట్టి నీళ్లు కిందికి దిగి, ప్లాస్టిక్ ముక్కలు నింపిన పెట్టెలో చినుకులుగా రాలి, గాలి తగిలి, మోటారు ద్వారా మళ్లీ పైకి రావాలి. పాఠకులకు ఆ పద్ధతి నచ్చేసింది. అప్పటికే వేల ఇళ్లలో కంత లేని తొట్లు నీళ్లతో, చేపలతో నిండి ఉన్నాయి. నిండిన తొట్టికి కంత వేయలేరు. ఖాళీ చేసినా, టెంపర్డ్ గాజు అయితే డ్రిల్లు తగిలిన క్షణంలో మొత్తం పలకే పలుకులైపోతుంది. మిగిలిన దారి ఒక్కటే, నీళ్లను గోడ మీదుగా దాటించడం. అంటే సైఫన్.

సైఫన్ అక్వేరియం కంటే కనీసం మూడు వేల ఏళ్లు పెద్దది. ఈజిప్టు సమాధుల గోడ బొమ్మల్లో జాడీల్లోంచి గొట్టాలతో ద్రవాన్ని దించుతున్న మనుషులు కనిపిస్తారు. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో అలెగ్జాండ్రియాకు చెందిన హీరో రాసిన ‘న్యుమాటిక్స్’ గ్రంథంలో మొదట వచ్చే పరికరాలు సైఫన్లే. వంపు గొట్టం సైఫన్, గొట్టం మీద బోర్లించిన గిన్నె సైఫన్, నీటి మీద తేలుతూ ఎప్పుడూ ఒకే వేగంతో నీళ్లు వదిలే సైఫన్, అన్నీ అందులో ఉన్నాయి. మన దగ్గర వసుదేవుడి గిన్నె అని ఒక ఇత్తడి ఆటవస్తువు ఉండేది. బాలకృష్ణుణ్ణి ఎత్తుకున్న వసుదేవుడు గిన్నె మధ్యలో నిలబడి ఉంటాడు. నీళ్లు పోస్తూ ఉంటే కృష్ణుడి పాదం తాకగానే, యమున దారి ఇచ్చినట్టు, గిన్నెలో నీళ్లన్నీ అడుగు నుంచి జారిపోతాయి. బొమ్మ లోపల వంపు గొట్టం దాగి ఉంటుంది, పాదం ఎత్తు ఆ వంపు ఎత్తు ఒకటే. బొమ్మ చేసినవాడి చమత్కారానికి దండం పెట్టాలి, కథకు తగిన యంత్రం, యంత్రానికి తగిన కథ.

వేల ఏళ్లు వాడుకున్నా సైఫన్ ఎందుకు పారుతుందో ఎవరికీ సరిగ్గా తెలియలేదు. తెలుసుకునే అవసరం ఒక కొండ దగ్గర వచ్చింది. 1630లో జెనోవాకు చెందిన జొవాన్ని బాత్తిస్తా బాలియాని గెలీలియోకు ఉత్తరం రాశాడు. దాదాపు 21 మీటర్ల ఎత్తున్న కొండ మీదుగా రాగి గొట్టంతో నీళ్లు దాటించబోతే పారడం లేదు, ఏం కారణం అని. తాడు తన బరువుకే తెగినట్టు నీటి స్తంభం తన బరువుకే తెగిపోతుందని గెలీలియో జవాబు. తెలివైన జవాబే, నిజం మాత్రం వేరే చోట ఉంది. గెలీలియో శిష్యుడు టొరిచెల్లి 1644 నాటికి పాదరసం గొట్టంతో దాన్ని తేల్చాడు. మనం గాలి సముద్రం అడుగున బతుకుతున్నాం, ఆ గాలి బరువు పాదరసాన్ని 76 సెంటీమీటర్ల దాకా నిలబెడుతుంది. అదే బరువు నీటినైతే దాదాపు 10.3 మీటర్లు నిలబెడుతుంది. బాలియాని కొండ అందుకు రెండింతలు.

అంతమాత్రాన సైఫన్‌ను నడిపించేది గాలి బరువే అనడానికి లేదు. పారించేది రెండు కొసల మట్టాల తేడా, అంటే నీటి బరువే. గాలి ఒత్తిడి చేసేది వంపు దగ్గర నీటి వరస తెగకుండా కాపాడటం. నడిపేది గాలా, నీటి బరువా అన్న తగవు 21వ శతాబ్దం దాకా సాగింది. 2015లో పరిశోధకులు కరిగి ఉన్న గాలిని తీసేసిన నీటితో 15 మీటర్ల ఎత్తు సైఫన్‌ను నడిపి చూపించారు. నీళ్లలోంచి గాలి బుడగ పుట్టే అవకాశం తీసేస్తే, 10.3 మీటర్ల గీత దాటినా నీటి వరస తెగలేదు.

ఇంటి అక్వేరియంలో సైఫన్ ఎక్కాల్సింది తొట్టి అంచు మీద జానెడు ఎత్తే. ఎత్తుతో పేచీ లేదు. పేచీ అంతా గాలితోనే. రాకూడని చోటికి గాలి వస్తే గదంతా నీళ్లు. రావలసిన చోటికి రాకపోయినా గదంతా నీళ్లే. నీళ్లను అంచు దాటించి కిందికి దించే పీవీసీ గొట్టాల అమరికను ఓవర్‌ఫ్లో అంటారు. అందులోని ప్రతి వంపూ ఈ రెండు ప్రమాదాల్లో ఏదో ఒకదానికి జవాబుగా పుట్టింది.

మామూలు గొట్టాన్ని అంచు మీద వేలాడేసి నోటితో నీళ్లు లాగితే అదీ సైఫనే. కిరోసిన్ డ్రమ్ముల కాలంలో అందరూ చేసిన పనే. కానీ కరెంటు పోయి పైకి వచ్చే నీళ్లు ఆగాయనుకోండి. గొట్టం తన పాటికి తాను లాగుతూ, కొస తేలేదాకా తొట్టిని ఖాళీ చేస్తుంది. కొస తేలగానే గాలి మింగి ఆగుతుంది. కరెంటు రాగానే మోటారు నీళ్లు పోస్తుంది, గొట్టం మాత్రం మళ్లీ తనంతట తాను మొదలవదు. అర్ధరాత్రి పోయి తెల్లవారుజామున వచ్చే కరెంటు ఉన్న ఊళ్లో దీన్ని నమ్ముకుంటే తెల్లారేసరికి పరుపు తడిసి ఉంటుంది.

దీనికి మందు మరుగుదొడ్డి చరిత్రలో దొరికింది. 1775లో లండన్‌లో స్థిరపడ్డ స్కాట్లండ్ గడియారాల పనివాడు అలెగ్జాండర్ కమింగ్, మరుగుదొడ్డి గొట్టాన్ని పాములా వంచి పేటెంటు తీసుకున్నాడు. వంపులో ఎప్పుడూ కాసిని నీళ్లు నిలిచి, కింది దుర్వాసనకు అడ్డుపడతాయి. తర్వాత తరాల ప్లంబర్లు ఇంకో సంగతి గమనించారు. ఒక్కోసారి గొట్టం నిండుగా పారి, సైఫన్‌లా మారి, వంపులో నీళ్లను కూడా లాగేస్తోంది. దానికి విరుగుడుగా గాలి గొట్టం పెట్టారు. మన ఇళ్ల వెనుక గోడల మీద డాబా దాకా లేచి ఉండే సన్న గొట్టం అదే. ఇంట్లో చేసుకునే ఓవర్‌ఫ్లో ఈ రెంటినీ, అంటే నీళ్లు నిలిపే వంపునూ గాలి తగిలే నోటినీ, ఒకే గొట్టానికి తగిలించింది.

దాన్ని దగ్గర్నుంచి చూస్తే సంగతి తెలుస్తుంది. హార్డ్‌వేర్ షాపులో అంగుళం పీవీసీ పైపు, అరడజను ఎల్బోలు, ఒక టీ, చిన్న డబ్బా సొల్యూషన్ తీసుకుంటే సరుకు వచ్చేసినట్టే. తొట్టి లోపల నీటి మట్టం ఎక్కడ నిలవాలో అక్కడ ఒక గొట్టం నోరు పైకి తెరిచి ఉంటుంది. నీళ్లు ఆ నోట్లోకి పొర్లి కిందికి దిగుతాయి. రెండు ఎల్బోలు కలిపిన వంపు తిరిగి మళ్లీ పైకి ఎక్కుతాయి. అంచు దాటి అవతల కిందికి దిగి, అక్కడా అలాగే వంపు తిరిగి, మళ్లీ పైకి లేచి టీ దగ్గరికి వస్తాయి. టీ పై నోరు గాలికి తెరిచి ఉంటుంది, పక్క నోటి నుంచి నీళ్లు సంప్‌లోకి దిగుతాయి. కరెంటు పోయినప్పుడు తొట్టిలో మట్టం లోపలి నోటి దాకా దిగి ఆగుతుంది. గొట్టంలోని నీళ్లు బయటి టీ మట్టం దాకా సర్దుకుని ఊరుకుంటాయి. రెండు వంపుల్లోనూ నీళ్లు నిలిచే ఉంటాయి కాబట్టి మధ్యలోని సైఫన్‌లోకి గాలి దూరే సందు లేదు. కరెంటు వచ్చి తొట్టిలో నీళ్లు నోటి మీదికి రాగానే పారకం మొదలవుతుంది.

టీ పై నోటికి మూత వేయాలనిపిస్తుంది, చప్పుడు తగ్గుతుందని. వేశారా, సంప్‌లోకి దిగే గొట్టం కూడా సైఫన్‌లో కలిసిపోయి బయటి వంపులోని నీళ్లను పీల్చేస్తుంది. కమింగ్ తర్వాతి ప్లంబర్లకు ఎదురైన జబ్బే ఇది.

సైఫన్‌తో గాలికి ఉన్న ఈ సంబంధాన్ని తెలంగాణలో ఇంజనీర్లు ఎంతో పెద్ద ఎత్తున వాడారు. వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావు తల్లి సరళాదేవి పేరిట ఊకచెట్టు వాగు మీద 1949లో మొదలై 1959లో పూర్తయిన సరళాసాగర్‌లో 17 హుడ్ సైఫన్లు, 4 ప్రైమింగ్ సైఫన్లు ఉన్నాయి. నీళ్లు పూర్తి మట్టానికి చేరగానే సైఫన్లు వాటంతట అవే తెరుచుకుంటాయి. గేటెత్తడానికి లస్కరు పరుగెత్తనక్కర్లేదు. లోపల జరిగేది ఇది. కాంక్రీటు గూడు కింద గట్టు మీదుగా నీళ్లు పలచగా దూకడం మొదలుపెడతాయి. దూకే నీళ్లు గూట్లోని గాలిని కొంచెం కొంచెంగా ఈడ్చుకుపోతాయి. గూడు ముందు మూతి నీళ్లలో మునిగి ఉంటుంది గనుక కొత్త గాలి రాదు. గాలి ఖాళీ కాగానే గూడంతా నిండుగా, ఒక్క ఊపున పారుతుంది. మట్టం తగ్గి గాలి మళ్లీ లోపలికి వచ్చాక ఆగుతుంది. మామూలు అలుగు మీద అడుగు లోతు నీళ్లకు ఆ అడుగు ఎత్తు బలమే ఉంటుంది. సైఫన్‌కు జలాశయం మట్టం నుంచి దిగువ కొస దాకా ఉన్న ఎత్తంతా బలమే. 2019 డిసెంబరు 31న సరళాసాగర్ మట్టికట్టకు గండిపడి నీళ్లన్నీ పోయాయి. కట్టను తర్వాత మళ్లీ కట్టారు.

అక్కడ గాలి చేరి సైఫన్ తెగడం కూడా పథకంలో భాగమే. ఇంటి తొట్టిలో ఒకసారి నింపిన సైఫన్ ఎప్పటికీ తెగకూడదు. తెగేది ఎక్కడంటే, దాదాపు ఎప్పుడూ పై వంపు దగ్గరే. చేపల కోసం పెట్టిన గాలిరాయి బుడగలు, మోటారు చిమ్మే నురుగు, నీళ్లలో కరిగిన గాలి, అన్నీ వచ్చి అక్కడ చేరతాయి. బుడగ పెరిగేకొద్దీ నీటి దారి సన్నబడుతుంది, పారకం మందగిస్తుంది. మందగించిన నీళ్లు బుడగను ఈడ్చుకుపోలేవు, బుడగ ఇంకా పెరుగుతుంది. ఇక్కడే చాలామంది తప్పుడు మందు వేస్తారు. అంగుళం పైపు చాలలేదని అంగుళంన్నర పైపు వేస్తారు. దాని వైశాల్యం రెండింతల పైన, సరిగ్గా 2.25 రెట్లు. అదే మోటారు పోసే అవే నీళ్లు అందులో సగం కంటే తక్కువ వేగంతో నడుస్తాయి. బుడగలకు కాపురం కుదిరినట్టే. పైపు మోటారుకు తగ్గట్టు ఉండాలి, ఇరుకైనా ముప్పే, మరీ వెడల్పైనా ముప్పే.

అందుకే వంపు నడినెత్తిన సన్న కన్నం వేసి, గాలి ట్యూబు బిగించి, చెక్ వాల్వు మీదుగా ఒక బుల్లి పంపుకు కలుపుతారు. అది రోజంతా చేరిన బుడగలను పీలుస్తూ ఉంటుంది. ఆ బుల్లి పంపు ఆగిపోయినా పైకి కనిపించదు. ట్యూబులో నాచు పట్టినా, ఉప్పు పేరుకున్నా అంతే. పారదర్శకమైన ట్యూబు వాడితే బుడగ కదలిక కంటికి ఆనుతుంది.

అన్నీ చేశాక కూడా ఒకరోజు సైఫన్ తెగుతుందనే లెక్కతోనే కట్టాలి. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు తొట్టిలో ఒక సెంటీమీటరు మట్టం పెరగడానికి దాదాపు ఐదున్నర లీటర్లు పడతాయి. అంచు కింద నాలుగు సెంటీమీటర్ల జాగా వదిలితే 22 లీటర్లు. గంటకు 3000 లీటర్లు తోడే మోటారు నిమిషానికి 50 లీటర్లు పోస్తుంది. అరనిమిషం గడవకముందే నీళ్లు నేల మీద ఉంటాయి. మనిషి పరుగెత్తి స్విచ్ ఆపే వ్యవధి కాదది. సంప్‌లో మోటారు కూర్చునే అరను పలకతో వేరు చేసి, అందులో 20 లీటర్లకు మించి నిలవకుండా చూసుకుంటే, సైఫన్ తెగినప్పుడు మోటారు ఆ 20 లీటర్లనూ పైకి పోసి ఒట్టిగా గిరగిర తిరుగుతుంది. మోటారు కాలినా కాలొచ్చు. గచ్చు మాత్రం పొడిగా ఉంటుంది.

ఇంకో దొంగ సైఫన్ ఎవరూ కట్టకుండానే పుడుతుంది. మోటారు నుంచి పైకి వెళ్లే గొట్టం కొస తొట్టి నీళ్లలో లోతుగా మునిగి ఉంటే, కరెంటు పోయిన మరుక్షణం అదే గొట్టం వెనక్కి పారడం మొదలుపెడుతుంది. తొట్టి నీళ్లు సంప్‌లోకి దిగి, సంప్ పొర్లుతుంది. దీనికి మందు పైసా ఖర్చు లేనిది. ఆ గొట్టానికి నీటి మట్టం కంటే అర అంగుళం దిగువన చిన్న కన్నం. మట్టం కాస్త తగ్గగానే కన్నం గాలి పీల్చి సైఫన్‌ను తెంచేస్తుంది. సరళాసాగర్ సైఫన్లు ఆగే పద్ధతే ఇక్కడా. కన్నం సన్నది గనుక నాచుకో నత్తపిల్లకో మూసుకుపోతుంది. తొట్టి కడిగిన ప్రతిసారీ పుల్లతో పొడవాలి.

గుడగుడ చప్పుడు పడకగది పక్కన తొట్టి పెట్టుకున్నవాళ్లకే తెలుస్తుంది. నీళ్లు గొట్టం నిండా కాకుండా గోడల వెంట తిరుగుతూ దిగినప్పుడు మధ్యలో గాలి ఇరుక్కుని గురక పెడుతుంది. అమెరికాలో డర్సో పేరుతో ప్రచారమైన నిలువు గొట్టం దీన్ని చాలావరకు మాన్పింది. కంత వేసిన తొట్లలో పైన టీ, మూత, మూతకు ఒక సన్న కన్నం, అంతే. కన్నం సైజు అటూ ఇటూ మారుస్తూ చప్పుడు ఆగేదాకా చెవి పెట్టి వినాలి.

వజ్రపు పొడి అద్దిన డ్రిల్లు బిట్లు చవకయ్యాక మామూలు గాజుకు కంత వేయడం ఇంట్లోనే సాధ్యమైంది. దాంతో అంచు దాటే సైఫన్లు తగ్గాయి, అయినా టెంపర్డ్ గాజు ఉన్నంతకాలం వాటికి పని ఉంది. కంత వేసే ధీమా వచ్చినవాళ్లు మూడు గొట్టాల పద్ధతికి మారారు. 2000 తర్వాత బీన్‌యానిమల్ అనే మారుపేరుతో ప్రచారంలోకి వచ్చిన పద్ధతి అది. మొదటి గొట్టం ఎప్పుడూ నిండుగా, చప్పుడు లేకుండా పారే సైఫన్, దాని వాల్వు తిప్పి పారకాన్ని మోటారుకు సరిపెడతారు. రెండో గొట్టం మిగిలిన పలచటి ధారను మోస్తుంది. దాని మూతకు తగిలించిన సన్న గాలి ట్యూబు కొస నీటి మట్టానికి కాస్త పైన ఆగుతుంది. మొదటి గొట్టంలో నత్తో ఆకో అడ్డుపడి మట్టం పెరిగితే, ఆ ట్యూబు కొస మునిగి రెండో గొట్టానికి గాలి అందదు. అది కూడా నిండుగా పారే సైఫన్‌గా మారి పని అందుకుంటుంది. అడ్డు తొలగి మట్టం తగ్గితే ట్యూబు మళ్లీ గాలి పీల్చి పలచటి ధారకు దిగుతుంది. రెండూ మూసుకుపోయిన రోజు కోసం మూడో గొట్టం ఇంకొంచెం ఎత్తులో నోరు తెరుచుకుని ఉంటుంది. సరిగ్గా బిగించిన తొట్టిలో అది ఏళ్ల తరబడి పొడిగానే ఉండిపోతుంది.